ఫ్రేజల్ వెర్బ్స్ ప్రాజెక్టు డైరీ: జాబితా నుంచి నోటిదాకా

ఫ్రేజల్ వెర్బ్ అంటే 'పుట్' లాంటి క్రియకు 'ఆఫ్', 'అప్' లాంటి చిన్న మాట తగిలి వేరే అర్థమిచ్చే జంట. ఆ చిన్న మాటను ఇక్కడ తోక అంటున్నాను. లక్ష్యం ముందే రాసేస్తాను. 'పోస్ట్‌పోన్' అని మనలో అందరూ అంటారు. 'పుట్ ఆఫ్' అని ఎదుటివాళ్లు అంటే అర్థమవుతుంది గానీ మన నోటికి రాదు. 'టాలరేట్' వస్తుంది, 'పుట్ అప్ విత్' రాదు. చదివితే తెలిసే మాటలకూ మాట్లాడితే దొరికే మాటలకూ మధ్య ఉన్న ఈ దూరం తగ్గించడమే పని. ఏ పద్ధతి ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు మార్చాల్సి వచ్చింది అన్నది దశలవారీగా రాస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టేవాళ్లు మొదటి దశను నేరుగా దాటేయవచ్చు.

పనిముట్లు

1. ఆంకీ. ఫ్లాష్‌కార్డుల యాప్. మర్చిపోయే కార్డును తొందరగా, గుర్తున్నదాన్ని ఆలస్యంగా మళ్లీ చూపిస్తుంది.
2. ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువు. మామూలు నిఘంటువు చాలదు. కారణం నాలుగో దశలో ఉంది.
3. ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
4. లెక్కలకు ఒక స్ప్రెడ్‌షీట్.

కొలత రెండు రకాలు. మొదటిది గుర్తింపు: ఇంగ్లిష్ వాక్యం చూసి అర్థం చెప్పాలి. రెండోది నోటి పరీక్ష: తెలుగులో సందర్భం చూసి, మూడు సెకన్లలో ఇంగ్లిష్ వాక్యం మొత్తం పైకి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. రెండు పరీక్షలూ నేర్చుకున్న రోజున కాదు, కనీసం వారం గడిచాకే.

దశ 1: క్రియల వారీ జాబితా

ఎక్కడ వెతికినా మొదట దొరికేది ఈ పద్ధతే. 'గెట్' తీసుకుని దాని కింద గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే, గెట్ త్రూ వరసగా రాయడం, పక్కన ఒక్కో తెలుగు మాట పెట్టడం. తర్వాత 'పుట్', తర్వాత 'టేక్', అలా.

మొత్తం: 60 జంటలు. గుర్తింపు 44. నోటి పరీక్ష 13.

గుర్తింపు అంకె చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది. నోటి పరీక్షలో ఎందుకు పడిపోయిందో రికార్డింగులు వింటే తెలిసింది. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం సరైన క్రియకు తప్పు తోక తగిలించినవే. 'పుట్ ఆఫ్' అనాల్సిన చోట 'పుట్ అవే', 'గెట్ ఓవర్' అనాల్సిన చోట 'గెట్ త్రూ'. ఒకే క్రియ ఉన్నవన్నీ ఒకే రోజు నేర్చుకుంటే అవి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. పైగా మాటల మధ్యలో 'గెట్‌తో ఏమేం వస్తాయి' అని ఎవరూ అడగరు. జ్వరం నుంచి కోలుకున్న సంగతి చెప్పాలి, అప్పుడు 'గెట్ ఓవర్' రావాలి. అర్థం నుంచి మాటకు వెళ్లాలి. జాబితా మాత్రం మాట నుంచి అర్థానికి నడిపిస్తుంది.

రెండో లోపం పెద్దది. ఒక జంటకు ఒక తెలుగు మాట అనే ఏర్పాటే నిలవలేదు. 'గో ఆఫ్' చూడండి. తెలుగులో మనం లైట్ ఆఫ్, ఫ్యాన్ ఆఫ్ అంటాం కాబట్టి 'ఆఫ్' అనగానే ఆగిపోవడమే తడుతుంది. కానీ 'ది అలారమ్ వెంట్ ఆఫ్' అంటే అలారం మోగింది. 'ద లైట్స్ వెంట్ ఆఫ్' అంటే లైట్లు ఆరిపోయాయి. బాంబు విషయంలో అయితే పేలింది. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో పాల విషయంలో అయితే విరిగిపోయాయి, చెడిపోయాయి. ఒకే జంట, తెలుగులో నాలుగు క్రియలు. 'ఆఫ్' తెలుసు కదా అన్న ధీమాతో వినేవాళ్లకు అలారం వాక్యం సరిగ్గా తలకిందులుగా అర్థమవుతుంది.

ఈ రెండు కారణాల వల్ల జాబితా మొత్తం పక్కన పెట్టేశాను.

దశ 2: ఏవి నేర్చుకోవాలి, ఎన్ని

ఇంగ్లిష్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ వేలల్లో ఉన్నాయి. అన్నీ నేర్చుకుందామంటే పని తెగదు. ఇక్కడ పరిశోధకుల లెక్కలు బాగా అక్కరకొచ్చాయి. గార్డ్‌నర్, డేవిస్ అనే ఇద్దరు 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టారు. అది దాదాపు 10 కోట్ల పదాల వాడుక భాషా భాండాగారం. అందులో కనిపించే ఫ్రేజల్ వెర్బ్స్‌లో సగానికి పైగా వాటా కేవలం 100 జంటలదే. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది 'గో ఆన్'. 2015లో గార్నియర్, ష్మిట్ మరో మెట్టు ముందుకెళ్లి 150 జంటలు ఎంచి, ఒక్కోదానికి నిజంగా వాడుకలో ఎక్కువగా ఉండే అర్థాలు మాత్రమే ఉంచారు. దాని పేరు 'ఫేవ్' జాబితా. సగటున జంటకు రెండు అర్థాలు. నిఘంటువులో ఒక జంట కింద పది అర్థాలు చూసి టెన్షన్ పడేవాళ్లకు ఈ జాబితా పెద్ద ఊరట.

అప్పటినుంచి నా లెక్క జంటల్లో కాక అర్థాల్లో సాగుతోంది. 'గో ఆఫ్' మోగడం ఒక కార్డు, 'గో ఆఫ్' ఆరిపోవడం ఇంకో కార్డు.

పెట్టుకున్న నియమాలు:

1. ఒకే క్రియ ఉన్న రెండు కొత్త కార్డులు ఒకే రోజు రాకూడదు.
2. ఒకే జంట తాలూకు రెండు అర్థాలు ఒకే వారం రాకూడదు.
3. ఆంకీ రోజుకు 20 కొత్త కార్డులు ఇచ్చేలా ముందే అమర్చి ఉంటుంది. దాన్ని 5కు తగ్గించాలి. కార్డును పైకి అనాలంటే సమయం పడుతుంది, 20 పెడితే పాతవి గుట్టగా పేరుకుపోతాయి.
4. కార్డు ముందువైపు తెలుగు సందర్భం, వెనకవైపు పూర్తి ఇంగ్లిష్ వాక్యం. విడి మాటలు ఎక్కడా వద్దు.

ఒక కార్డు ఇలా ఉంటుంది. ముందు: 'మీటింగ్‌ని వచ్చే వారానికి వాయిదా వేశారు. పోస్ట్‌పోన్ అనకూడదు.' వెనక: 'దే పుట్ ద మీటింగ్ ఆఫ్ టిల్ నెక్స్ట్ వీక్.' ఆ 'అనకూడదు' అన్న వరుస లేకపోతే నోరు ప్రతిసారీ తెలిసిన దారే పడుతుంది.

మొండికేసిన కార్డులూ ఉన్నాయి. ఒక కార్డు 8 సార్లు తప్పితే ఆంకీ దానికి 'లీచ్' అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడ్డవాటిని మళ్లీ మళ్లీ రుద్దడం వృథా, కార్డునే తిరగరాయాలి. నాకు ముందుగా పడింది 'టర్న్ ఔట్'. నిఘంటువు చూసి 'పరిణమించు' అని రాసుకున్నాను. ఆ మాట ఎవరూ నోటితో అనరు, అందుకే దాని వెంట ఇంగ్లిష్ మాట కూడా రాలేదు. మనం మామూలుగా ఏమంటాం? 'తీరా చూస్తే తాళం జేబులోనే ఉంది' అంటాం. 'ఇట్ టర్న్డ్ ఔట్ ద కీ వాజ్ ఇన్ మై పాకెట్.' తెలుగులో అది క్రియే కాదు, 'తీరా చూస్తే' అనే పలుకుబడి. కార్డు అలా మార్చాక మళ్లీ తప్పలేదు. అదే వరసలో 'ఎండ్ అప్'కు 'చివరికి అక్కడ తేలాం' అనీ, 'షో అప్'కు 'ఊడిపడ్డాడు' అనీ, 'రన్ ఇంటు'కు 'అనుకోకుండా తగిలాడు' అనీ మార్చాను. కార్డు ముందువైపు ఉన్న తెలుగు ఎంత సహజంగా ఉంటే ఇంగ్లిష్ అంత త్వరగా వస్తుంది. ఈ ప్రాజెక్టులో ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే.

ఇప్పటివరకు: 71 జంటలు, 96 అర్థాలు. గుర్తింపు 83. నోటి పరీక్ష 52.

దశ 3: తోకలకు అర్థం ఉందా

అప్, ఔట్, ఆఫ్, ఆన్ లాంటి తోకలకు తమ సొంత అర్థం ఉంటుందని, అది పట్టుకుంటే చాలని చాలామంది చెబుతారు. పరీక్షించి చూశాను. కొంతవరకు నిజం.

'అప్' చాలాచోట్ల పనిని పూర్తిగా అయ్యేదాకా తీసుకెళ్తుంది. తినడానికీ తినేయడానికీ ఉన్న తేడానే 'ఈట్'కీ 'ఈట్ అప్'కీ ఉంది. డ్రింక్ అప్ తాగేయడం, యూజ్ అప్ వాడేయడం. 'ఆన్' ఆపకుండా సాగడం: కీప్ ఆన్, క్యారీ ఆన్. 'ఓవర్' మరోసారి పరిశీలించడం: గో ఓవర్, థింక్ ఓవర్. 'డౌన్' కాగితం మీద పెట్టడం: రైట్ డౌన్, నోట్ డౌన్. 'ఔట్' దాగి ఉన్నది బయటపడటం: ఫైండ్ ఔట్, పాయింట్ ఔట్, టర్న్ ఔట్.

చేయి దాటిపోయేది ఆ తర్వాతే. 'గివ్ అప్' వదిలేయడం, 'బ్రింగ్ అప్' ప్రస్తావన తేవడం. వీటిలో పూర్తి కావడమనే అర్థం వెతికి పట్టుకోవాలంటే కథ అల్లాలి. ఫారం నింపడానికి 'ఫిల్ ఇన్' అన్నా 'ఫిల్ ఔట్' అన్నా ఒకటే. వేగం తగ్గడానికి 'స్లో డౌన్' అన్నా 'స్లో అప్' అన్నా ఒకటే. ఎదురెదురు దిక్కుల తోకలు ఒకే అర్థం ఇస్తుంటే సూత్రం నమ్ముకుని మాట్లాడటం కుదరదు.

తీసుకున్న నిర్ణయం: తోక అర్థాన్ని కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఒక వరుసగా ఉంచాను, పరీక్షలోంచి తీసేశాను. చదివేటప్పుడు తెలియని జంట తగిలితే ఊహించడానికి అది బాగా ఉపయోగపడుతుంది. మాట్లాడేటప్పుడు పెద్దగా సాయం చేయదు.

ఇప్పటివరకు: 84 జంటలు, 121 అర్థాలు. గుర్తింపు 109. నోటి పరీక్ష 66.

దశ 4: 'ఇట్' ఎక్కడ పెట్టాలి

రికార్డింగులన్నీ ఒక్కసారి కూర్చుని విన్నాక ఈ దశ తప్పనిసరైంది. నోటి పరీక్షలో ఒప్పుగా లెక్కవేసిన వాక్యాలనే కొద్దిగా మార్చి, వస్తువు పేరు బదులు 'ఇట్', 'దెమ్' పెట్టి అనాలని నియమం మారిస్తే 66 కాస్తా 41కి పడిపోయింది. 'టర్న్ ఆఫ్ ద లైట్' సరిగ్గా వస్తుంది. 'ఇట్' పెట్టగానే 'టర్న్ ఆఫ్ ఇట్' అయిపోతుంది. అది తప్పు, 'టర్న్ ఇట్ ఆఫ్' అనాలి.

వీటిని నాలుగు గుంపులుగా విడదీశాను.

1. విడదీయగలిగేవి: టర్న్ ఆఫ్, పుట్ ఆఫ్, పిక్ అప్, కాల్ ఆఫ్, ఫిల్ ఇన్, త్రో అవే. పేరు అయితే మధ్యలోనైనా చివరైనా పెట్టవచ్చు. 'ఇట్', 'దెమ్', 'హర్' లాంటివి అయితే మధ్యలోనే.
2. విడదీయకూడనివి: లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటు, గెట్ ఓవర్, రన్ ఇంటు, కమ్ అక్రాస్. ఇక్కడ 'లుక్ ఆఫ్టర్ దెమ్' అనే అనాలి.
3. కర్మ అవసరం లేనివి: షో అప్, గ్రో అప్, యంత్రం చెడిపోవడం అనే అర్థంలో బ్రేక్ డౌన్.
4. మూడు ముక్కలవి: పుట్ అప్ విత్, రన్ ఔట్ ఆఫ్, కమ్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు. ఏ ముక్కనూ కదపకూడదు.

ఏది ఏ గుంపో మాట చూసి చెప్పలేం. లెర్నర్స్ డిక్షనరీ ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది. అందులో 'టర్న్ సమ్‌థింగ్ ఆఫ్' అని మధ్యలో ఖాళీతో, 'లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ' అని చివర ఖాళీతో ముద్రిస్తారు. ఆ 'సమ్‌థింగ్' ఎక్కడుందో చూసుకుంటే చాలు.

గుంపు కూడా అర్థాన్ని బట్టి మారుతుంది. 'సీ త్రూ హిమ్' అంటే అతని ఎత్తులు కనిపెట్టేయడం. 'సీ ఇట్ త్రూ' అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా నిలబడి పూర్తి చేయడం. మాటలు అవే, 'ఇట్' చోటు మారితే పని మారిపోయింది. 'టేక్ ఇట్ ఆఫ్' అంటే ఒంటి మీది బట్టో టోపీయో తీసేయడం. విమానానికి మాత్రం కర్మ లేదు, 'ద ప్లేన్ టుక్ ఆఫ్'.

సాధన ఇలా నడిచింది:

1. కర్మ ఉన్న కార్డులన్నిటినీ 'ఇట్' లేదా 'దెమ్' వాక్యాలుగా తిరగరాయాలి. పేర్లతో సాధన అక్కర్లేదు. విడదీయగలిగే గుంపులో పేరును ఎటు పెట్టినా తప్పు కాదు కాబట్టి, 'ఇట్' ఒక్కటి చోటులో కుదిరితే మిగతాది దానంతట అదే కుదురుతుంది.
2. ఒకటో గుంపు కార్డును, రెండో గుంపు కార్డును వెంటవెంటనే అనాలి: 'టర్న్ ఇట్ ఆఫ్', 'లుక్ ఆఫ్టర్ ఇట్', 'పుట్ ఇట్ ఆఫ్', 'లుక్ ఇంటు ఇట్'.
3. తప్పినదాన్ని వెంటనే మూడుసార్లు అనడం వద్దు. నాలుగైదు కార్డులు దాటాక మళ్లీ తీయాలి.

మూడు ముక్కలవాటిలో రెండు జాగ్రత్తలు. 'లుక్ ఫార్వర్డ్ టు' తర్వాత 'హియర్' రాదు, 'హియరింగ్' వస్తుంది. ఈమెయిళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇది. రెండోది 'కోప్ అప్ విత్'. కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్, పుట్ అప్ విత్ చూసి మనవాళ్లు దీనికీ 'అప్' తగిలిస్తారు. సరైనది 'కోప్ విత్' మాత్రమే.

ఇప్పటివరకు: కొత్తవి చేర్చలేదు. 121 అర్థాలు. గుర్తింపు 112. కొత్త నియమంతో నోటి పరీక్ష 41 నుంచి 88.

దశ 5: చెవి, మన నోట్లో ముందే ఉన్న మాటలు

కాగితం మీద తెలిసిన జంట మాటల్లో వినపడకపోవడం తర్వాతి అడ్డంకి. అర నిమిషం నిడివి ఉన్న 60 సంభాషణ ముక్కలు తీసుకుని, వినపడిన జంటను రాసే పరీక్ష పెట్టుకున్నాను. మొదటి ఫలితం 27.

కారణం పలుకులో ఉంది. 'పిక్ ఇట్ అప్' అని మూడు ముక్కలుగా ఎవరూ పలకరు. 'పికిటప్' అని ఒకే మాటగా వస్తుంది. 'టర్నిటాఫ్', 'గివిటప్', 'గెటౌటవ్'. అమెరికన్ల నోట 'ట' కూడా మెత్తబడి 'పుట్ ఇట్ ఆఫ్' కాస్తా దాదాపు 'పుడిడాఫ్'లా వినపడుతుంది. ఇంకో సంగతి, ఇలా విడిపోయే జంటల్లో ఒత్తు తోక మీద పడుతుంది, 'ఇట్' దాదాపు మింగేస్తారు. అందుకే వినేటప్పుడు క్రియ కోసం కాక చివరి ఒత్తు కోసం చెవి పెట్టాలి. కార్డుల వెనక ఈ కలిపి పలికే రూపాన్ని తెలుగులోనే రాసి, విన్నది విన్నట్టు పలికి రికార్డు చేశాక అదే పరీక్ష 46కు చేరింది. ఈ విషయంలో తెలుగు లిపి ఇంగ్లిష్ స్పెల్లింగ్ కంటే ఎక్కువ సాయం చేస్తుంది, విన్నది విన్నట్టు రాసుకోవచ్చు.

రెండో పని అనుకోకుండా దొరికింది. మనం రోజూ తెలుగులో వాడే మాటల్లోనే బోలెడు ఫ్రేజల్ వెర్బ్స్ నామవాచకాలుగా కూర్చుని ఉన్నాయి: మేకప్, చెకప్, బ్రేకప్, బ్యాకప్, సెటప్, టేకాఫ్, వర్కౌట్, డ్రాపౌట్, లాగిన్. నామవాచకమైతే ఒకే మాట, ఒత్తు మొదట్లో. క్రియ అయితే రెండు మాటలు, ఒత్తు చివర్లో. 'లాగిన్' పేజీ ఉంటుంది గానీ 'లాగిన్డ్' అనే మాట లేదు, 'లాగ్డ్ ఇన్' అనాలి. 'బ్యాకప్ తీశావా' అనేవాళ్లు 'డిడ్ యూ బ్యాక్ ఇట్ అప్' అనడానికి అడుగు దూరంలో ఉన్నారు. 'అది వర్కౌట్ అవ్వదు' అని మనం అనే మాటే 'ఇట్ వోంట్ వర్క్ ఔట్'. ఇలాంటివి 18 అర్థాలు చేర్చాను. కొత్తగా నేర్చుకున్నవాటికంటే ఇవి చాలా తేలిగ్గా నిలబడ్డాయి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. 'కాలేజీ నుంచి పాసౌట్ అయ్యాను' అని మనం అంటాం. భారతీయ ఇంగ్లిష్‌లో అది చెల్లుతుంది. మిగతాచోట్ల 'ఐ పాస్డ్ ఔట్' అంటే స్పృహ తప్పి పడిపోయాననే వినేవాళ్లు అనుకుంటారు. అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అనడమే మేలు.

ఇప్పటివరకు: 98 జంటలు, 139 అర్థాలు. గుర్తింపు 130. నోటి పరీక్ష 104. వినికిడి 60కి 46.

దశ 6: ఎక్కడ వాడొచ్చు

ఫ్రేజల్ వెర్బ్స్ అన్నీ మాటల్లో వాడేవే, రాతలో పెద్ద మాటలు పెట్టాలి అనే అభిప్రాయం బాగా పాతుకుపోయింది. సగమే నిజం. క్యారీ ఔట్, సెట్ అప్, పాయింట్ ఔట్ పరిశోధన పత్రాల్లోనూ అధికారిక నివేదికల్లోనూ మామూలుగా కనిపిస్తాయి. 'పుట్ అప్ విత్', 'మెస్ అప్' లాంటివి మాత్రం మాటలకే నప్పుతాయి. ప్రతి కార్డుకూ 'రాతలోనూ', 'మాటల్లోనే' అని ఒక గుర్తు పెట్టాను. డిక్షనరీలో 'ఇన్‌ఫార్మల్' అని ఉంటే రెండో గుర్తు.

నిజమైన సంభాషణలో వాడితేనే లెక్కించే మూడో గడి ఇక్కడ చేర్చాను. సంభాషణకు ముందు అందులో వచ్చే అవకాశం ఉన్నవి రెండు మూడు మాత్రమే ఎంచుకుంటాను. పనుల గురించి మాట్లాడే రోజైతే పుట్ ఆఫ్, సార్ట్ ఔట్, గో ఓవర్. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ధ్యాస అంతా వాటి మీదే ఉండి, ఎదుటివాళ్ల మాట వినడం తప్పిపోతుంది.

ఇప్పటివరకు: 112 జంటలు, 164 అర్థాలు. గుర్తింపు 153. నోటి పరీక్ష 127. నిజంగా వాడినవి 58.

ఇంకా లొంగనివి

లీచ్ గంపలో ప్రస్తుతం మూడు ఉన్నాయి.

'కమ్ అక్రాస్' రెండో అర్థం. మొదటిది అనుకోకుండా కంటపడటం, అది వచ్చేసింది. రెండోది ఎదుటివాళ్లకు ఎలా అనిపిస్తామో చెప్పేది: 'హీ కమ్స్ అక్రాస్ యాజ్ రూడ్', అంటే చూసేవాళ్లకు పొగరుగా కనిపిస్తాడు. ముందువైపు 'చూసేవాళ్లకు' అన్న మాట చేర్చి మళ్లీ పెట్టాను.

'మేక్ అప్ ఫర్'. 'పోయిన సమయాన్ని పూడ్చుకోవడం' అని రాస్తే తడుతోంది గానీ మూడు సెకన్లలో రావడం లేదు. తోక ఒకటికి రెండు ఉన్నందువల్ల కావచ్చు, మధ్యలో 'ఫర్' జారిపోతోంది. 'మేకప్ఫర్' అని కలిపి పలికే రూపంతో రికార్డింగ్ పెట్టి చూస్తున్నాను.

'గెట్ అవే విత్'. దీనికి తెలుగులో ఒక్క మాటలో కుదిరేది లేదు. తప్పు చేసి కూడా ఏ శిక్షా పడకుండా బయటపడటం. 'పరీక్షలో చూసి రాశాడు, అయినా ఎవరూ ఏమీ అనలేదు' అని రెండు వాక్యాల సందర్భంగా రాశాను. వెనక: 'హీ చీటెడ్ అండ్ గాట్ అవే విత్ ఇట్.' ఈ రూపంతో వచ్చే వారం పరీక్ష. అదీ తప్పితే ముందువైపు తెలుగు తీసేసి, ఇంగ్లిష్ వాక్యాన్నే చివర ఖాళీతో పెట్టి చూడాలి.